వరద జాగ్రత్తల మీటింగ్ పెడితే జనం రావట్లా, ఏం చెయ్యాలి?

సింగ్‌నగర్_ఫస్ట్‌ఫ్లోర్:
నమస్తే అండి, వీధి అసోసియేషన్లో నేనూ ఒక మెంబర్ని. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్లో మా ఇళ్లు ఎలా మునిగాయో ఇక్కడ చాలామందికి తెలుసు. మళ్లీ అలాంటిదొస్తే ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకుందామని పోయిన వారం మీటింగ్ పెట్టాం, టెంట్‌హౌస్ నుంచి అరవై కుర్చీలు తెప్పించి టీ, సమోసా కూడా పెడితే వచ్చింది పదకొండు మంది. ఒకాయనేమో బుడమేరు కాలవ గట్టుకి పడ్డ గండ్లు పూడ్చేశారుగా ఇంకెక్కడ వస్తుందండీ అంటాడు, ఇంకొకావిడ సీరియల్ టైమైందని మధ్యలో లేచెళ్లిపోయింది. అద్దెకి కొత్తగా దిగినవాళ్లకైతే అసలేం తెలీదు, తెలిస్తే అద్దె తగ్గించమంటారని ఓనర్లు నీటి చార కనపడకుండా రెండు కోటింగులు రంగు కొట్టించారు మరి. మా మెట్ల కింద ఒక్కచోట మాత్రం మిగిలింది, మీటరు బాక్సుకి జానెడు పైన మట్టి గీత. జనానికి ఎక్కేలా ఎలా చెప్పాలి? ఎవరైనా మీ ఏరియాలో చేసుంటే చెప్పండి.

కాలవగట్టు_బెజవాడ:
అన్నా, మనోళ్లకి వరదంటే కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీయే. మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులు, రెండోది 5.69 లక్షలు అని టీవీలో స్క్రోలింగ్ వస్తే లేచి కూర్చుంటాం, లేకపోతే దుప్పటి కప్పుకుంటాం. బుడమేరు లెక్క వేరు. మైలవరం వైపు కొండల్లో పడ్డ వాన జి.కొండూరు మీదుగా వెలగలేరు రెగ్యులేటర్ దాకా వస్తుంది, అక్కణ్ణుంచి డైవర్షన్ కాలవలోకి మళ్లించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలుపుతారు, ఎక్కువైతే పాత దారినే మన ఊరి పక్కనుంచి కొల్లేరుకి. ఆరోజు డైవర్షన్ కాలవ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి, అటు కృష్ణ కూడా నిండుగా ఉంది, మర్నాడు బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. మా ఇంటి దగ్గరైతే వాన తెరిపిచ్చాకే నీళ్లొచ్చాయి, మోసం చేసింది అదే, మా బాబాయి డాబా మీద నించుని తగ్గిందిలేరా అన్నాడు, కాసేపటికే డ్రైనేజీ మూతలోంచి బుడబుడమని నల్లనీళ్లు. కాబట్టి ఆకాశం కాదు, మైలవరంలో వానెలా ఉంది, వెలగలేరు గేట్లు ఎత్తారా అన్నది కనుక్కోమను. అటువైపు చుట్టం ఉన్నవాళ్లు వీధికొకరైనా ఉంటారు, పెద్ద వాన పడిన రోజు ఫోన్ చేసి గ్రూపులో చెప్పే పని వాళ్లకి అప్పజెప్పు.

పాయకాపురం_టీచర్:
మీటింగులకి రారండి, ఇంటికెళ్తే మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. మేం డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లం ఐదుగురం సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి ఒకటే అడిగాం, మీ ఇంట్లో మెట్లెక్కలేనివాళ్లు ఎవరు అని. జాగ్రత్తలూ గీగ్రత్తలూ ఏం చెప్పలా. మంచంలో ఉన్న తాతగారు, డయాలసిస్‌కి వెళ్లే ఆయన, నెలలు నిండిన పిల్ల, ఇలా మా ఒక్క వీధిలోనే తొమ్మిదిమంది తేలారు, ఎవర్ని ఏ పైఇంటికి ఎవరు మొయ్యాలో పేర్లు రాసుకున్నాం. ఆ రాసుకునేటప్పుడే జనం వాళ్లంతట వాళ్లు ఆరోజు సంగతులు తవ్వుకోవడం మొదలెట్టారు. మా అత్తగారిని కుర్చీతో సహా పైకి ఎక్కించాం గానీ షుగర్ మాత్రలు ఫ్రిజ్ మీదే ఉండిపోయాయి, ఫ్రిజ్ ఏమో హాల్లో తేలుతోంది. చుట్టూ అన్ని నీళ్లు, తాగటానికి గుక్కెడు లేవు, బోరు మోటార్ మునిగింది, సంపులో మురుగు కలిసింది. ఇప్పుడు వానాకాలం వస్తే మాత్రలు, ఆధార్లు, పొలం కాగితాలు కవర్లో చుట్టి పైఇంటావిడ బీరువాలో పెడుతున్నాం, మంచినీళ్ల క్యాన్లు రెండు కూడా పైనే.

ఊరికే_చదివేవాడు:
ఇదంతా మనం చెయ్యాల్సిన పనా? గట్లు గట్టిగా కట్టి ఆక్రమణలు తీసేస్తే సరిపోద్ది. పన్నులు ఎందుకు కడుతున్నాం మరి.

కాలవగట్టు_బెజవాడ:
అడుగు తమ్ముడూ, అర్జీ పెట్టు, సంతకం నేనూ పెడతా. నది ఒడ్డున రిటైనింగ్ వాల్ కట్టబట్టే కదా కృష్ణలంక కాలనీ ఆసారి గట్టెక్కింది. ఈలోపు మీ అమ్మగారిని పైకి ఎవరు మోస్తారో అది కూడా చెప్పు.

గుంటూరు_వైరింగ్:
మాది గుంటూరు, అప్పుడు నీళ్లు తీశాక సింగ్‌నగర్లో చాలా ఇళ్లకి వైరింగ్ చేశా కాబట్టి చెప్తున్నా. నీళ్లు గుమ్మం దాటకముందే కరెంటు మెయిన్ స్విచ్ ఆపాలి, నీళ్లలో నించుని మాత్రం ముట్టుకోవద్దు. ఇంటాయన డ్యూటీలో ఉంటే మెయిన్ ఎక్కడుందో మిగతావాళ్లకి తెలీదు, చాలా ఇళ్లల్లో ఇదే కథ. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, అదీ ఆపాలి. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టారో ఇంజన్లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగుద్ది, ఆనక ఇన్సూరెన్స్ వాడు వంక పెడతాడు, తోసుకుంటూనే మెకానిక్ దగ్గరికి తీస్కెళ్లండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే మునిగిన బండికి రూపాయి రాదు. మీటింగ్ అంటే రారు గానీ, ఎలక్ట్రీషియన్ ఫ్రీగా వచ్చి మీ మెయిన్ చూస్తాడు అనండి, తలుపులు తీసి పెట్టుకుంటారు.

గన్నవరం_రోడ్డు:
గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్‌ఎఫ్, అదే వరదల్లో జనాన్ని కాపాడే కేంద్ర దళం, పదో బెటాలియన్ ఉందిగా, లెటర్ పెట్టి అడగండి, కాలనీల్లో స్కూళ్లల్లో డెమోలు ఇస్తుంటారు. ఖాళీ నీళ్ల బాటిళ్లు తాడుతో కట్టి నడుముకి చుట్టుకుని తేలడం చూపిస్తే పిల్లలు వదలరు, పిల్లలొస్తే వెనకాలే అమ్మలొస్తారు. ఎమర్జెన్సీకి 112, విపత్తుల కంట్రోల్ రూముకి 1070, ఈ నంబర్లు గోడ మీద పెయింటుతో రాయించండి, ఫ్లెక్సీ అయితే గాలికే పోద్ది. ఫోన్లో వాన, వరద హెచ్చరికలు పంపే సచేత్ యాప్ కూడా వేయించండి.

సింగ్‌నగర్_ఫస్ట్‌ఫ్లోర్:
అందరికీ థాంక్స్ అండి. నిన్న తాపీమేస్త్రిని పిలిచి లెవెల్ పైపు పట్టించి, మా మెట్ల కింద గీత ఎత్తునే వీధి చివరిదాకా ప్రతి ఇంటి గేటు పక్కన నీలం పెయింటుతో గీత గీశాం. ఒక ఓనర్ పోట్లాటకొచ్చాడు, నా అద్దెలు పోతాయని. సరే ఆయన గోడ వదిలేసి ఎదురు గోడ మీద గీశాం. పక్కిల్లు అద్దెకున్న కుర్రాడు బయటికొచ్చి ఇదేంటి అంకుల్ అన్నాడు, చెప్తే నమ్మక గోడకి ఆనుకుని నించుని చూస్కున్నాడు, గీత మెడ దగ్గరికొచ్చింది. వాళ్ల పాపని నించోబెట్టాడు, పాపకి తల పైన. మరి డాబా మీదకి వెళ్లాలంటే తలుపుకి తాళం ఉంది కదా అంకుల్ అన్నాడు. తాళంచెవి ఓనర్ దగ్గరుందంట, ఓనరేమో హైదరాబాద్‌లో. మా వీధిలో ఇలా డాబాకి తాళాలేసిన ఇళ్లు ఎన్నున్నాయో లెక్కేస్తున్నాం, ఇప్పటికి ఆరు తేలాయి.