జపాన్‌లో సకిగాకె పార్టీ ముగిసిన ఏడాది ఏది?

జపాన్ సంకీర్ణాల మీద చార్ట్ చేస్తూ షింతో సకిగాకె దగ్గర ఇరుక్కుపోయాను. 1993 జూన్‌లో తకెమురా మసయోషి బృందం అధికార లిబరల్ డెమొక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ)ని వీడి పెట్టిన పార్టీ ఇది. నెల తిరగకుండానే ఎన్నికల్లో 13 సీట్లు. అంత చిన్న పార్టీ నుంచే తకెమురా 1994లో ఆర్థిక మంత్రి అయ్యారు, మామూలు విషయం కాదు! 1996లో హతోయమా యుకియో, కాన్ నవోతో ఇద్దరూ వెళ్లి డెమొక్రటిక్ పార్టీ పెట్టాక, ఆ ఏడాది ఎన్నికల్లో మిగిలినవి 2 సీట్లే.

చిక్కంతా ఆ తర్వాతే. 1998లో పేరు ఒట్టి 'సకిగాకె' అయింది, 2002లో 'మిదొరి నో కైగి'. అది 2004 ఎగువ సభ ఎన్నికల్లో ఓడి రద్దయింది. ఇంగ్లిష్ జాబితాలు చూశాను, జపనీస్ పేజీలు ఆటో అనువాదంలో చదివాను. ఒకచోట ముగింపు 1998, మరోచోట 2004.

జపాన్ రికార్డుల ప్రకారం మిదొరి నో కైగి అదే పార్టీకి కొనసాగింపా, కొత్త పార్టీయా?