‘క్సెనోస్’ను తెలుగులో ఏమనాలి: అతిథి, చుట్టం, పరదేశి

ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలలో అడుగడుగునా కనిపించే ‘క్సెనోస్’ అనే మాటకు ‘అతిథి’ సరిపోదా అని ఒక మిత్రులు అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. వచ్చినవాడు అతిథి, ఆదరించినవాడు ఆతిథేయుడు. ఈ రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి నిలవవు. గ్రీకులో మాత్రం గడప తొక్కినవాడూ క్సెనోసే, పీట వేసి భోజనం పెట్టినవాడూ క్సెనోసే, ఊరూ పేరూ తెలియని కొత్తవాడూ క్సెనోసే.

ఇలియడ్ ఆరవ సర్గ చూడండి. ట్రాయ్ రణభూమిలో ఆ నగరం పక్షాన పోరాడే లికియా వీరుడు గ్లాకస్ తన వంశం చెప్పుకోగానే ఎదుట ఉన్న గ్రీకు వీరుడు డయొమిడీస్ ఈటెను నేలలో గుచ్చి, నువ్వు నాకు తాతల నాటి క్సెనోస్‌వి అంటాడు. డయొమిడీస్ తాత ఒయినియస్ గ్లాకస్ తాత బెలెరొఫోన్‌ను 20 రోజులు ఇంట ఉంచుకొని ఊదా ఎరుపు రంగుతో మెరిసే నడికట్టు ఇచ్చాడు. బదులుగా రెండు పిడుల బంగారు గిన్నె అందుకున్నాడు. తండ్రి టైడియస్ తనకు గుర్తు లేడని చెప్పే డయొమిడీస్, ఆ గిన్నెను ఇంట్లో ఉంచి వచ్చానని మాత్రం మరవకుండా చెబుతాడు. ఈ చోట చదివినప్పుడల్లా నా మనసు కరుగుతుంది. ఆ వెంటనే, మా ఆర్గోస్ నడుమ నేను నీకు ప్రియమైన క్సెనోస్‌ని, నేను మీ లికియాకు వస్తే నువ్వు నాకు, అంటాడు. ఇక్కడ క్సెనోస్ అంటే ఆదరించేవాడు. ‘అతిథి’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

‘చుట్టం’ అని రాసి చూడండి. నేను నీకు చుట్టాన్నైతే నువ్వూ నాకు చుట్టానివే. తమిళంలో ‘సుట్రం’ బంధువర్గాన్ని చెబుతుంది; మన ‘చుట్టం’ బంధువునూ, ‘చుట్టపుచూపు’గా వచ్చినవాణ్ణీ కూడా చెబుతుంది. ‘తాతల నాటి చుట్టానివి’ అంటే డయొమిడీస్ గొంతు తెలుగులో నిలబడుతుంది. గ్లాకస్ 100 ఎద్దుల విలువైన బంగారు కవచం ఇచ్చి 9 ఎద్దుల విలువైన కంచు కవచం పుచ్చుకోవడం కూడా ఈ చుట్టరికంలో జరిగిన మార్పిడే.

అయితే ఒడిస్సీ 14వ సర్గలో ఈ మాట నప్పదు. చింకిబట్టలతో గుమ్మంలోకి వచ్చిన ముసలివాడు మారువేషంలో ఉన్న తన యజమాని ఒడిస్సియస్ అని ఎరుగని పందుల కాపరి యూమెయస్ అతణ్ణి క్సెనోస్ అనే పిలుస్తాడు. క్సెనోస్‌లూ బిచ్చగాళ్లూ అందరూ దేవతల రాజు జ్యూస్ పంపినవారేనని, తమవంటివారు ఇచ్చేది కొంచెమే అయినా ప్రేమతో ఇస్తారని అంటాడు. అక్కడ నేను ‘పరదేశి’ అని రాస్తాను. పరాయి ఊరివాడనీ, దిక్కులేనివాడనీ రెండు అర్థాలూ ఆ మాటలో ఉన్నాయి.

కానుకకు హోమర్ వాడే ‘క్సెయ్‌నియోన్’ కూడా ఈ మాట నుండి పుట్టినదే కనుక, ఉత్త ‘బహుమతి’ అని రాస్తే ఆ తీగ తెగిపోతుంది. ఒడిస్సీ 9వ సర్గలో మనుషులను తినే ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్, తన పేరు ‘ఎవడూకాదు’ అని చెప్పిన ఒడిస్సియస్‌ను అందరి తరువాత తింటానని, అదే తాను ఇచ్చే క్సెయ్‌నియోన్ అని అంటాడు. ‘అదే నీకు నా చుట్టపు కానుక’ అన్నప్పుడే ఆ మాటలోని క్రూరత్వం తెలుగు చెవికి తగులుతుంది. దీనికన్నా సరిపోయే మాట మీ ప్రాంతంలో వాడుకలో ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.