వేరే కులం పెండ్లి మీద 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్: తమిళ సినిమాల నుంచి ఏం పట్టుకోవాలె?

దేవరకొండ గుట్టలు:
అందరికీ నమస్తే. దేవరకొండ దిక్కు ఒక ఊర్ల జరిగే కథ మీద 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ నడుస్తున్నది. వేరే కులం పిలగాన్ని చేసుకున్న బిడ్డ, ఒప్పుకోని తండ్రి. ఇప్పుడున్న డ్రాఫ్టుల 14 సీన్లు: కాలేజీల పరిచయం, బైకు మీద తిరుగుడు, ఇంట్ల తెలుసుడు, కొట్టుడు, పారిపోయి రిజిస్టర్ ఆఫీసుల అదే రోజు పెండ్లి, ఆఖరికి మేనమామ మనుషులొచ్చి దాడి. చదివినోళ్లంతా "ఇది చూసిన సినిమానే" అంటున్నరు. తమిళంల ఇదే కథను మళ్లా మళ్లా తీస్తరు, అయినా తగులుతది. వాళ్లు ఏం చేస్తున్నరు? ఏవి చూడాలె, వాటిల ఏం గమనించాలె? రెండు రోజుల షూటింగ్, చేతిల ఒకటే ఇల్లు ఉన్నది.

పానగల్లు కట్ట:
తమ్ముడూ, 14 సీన్లు 20 నిమిషాలంటే సీనుకు నిమిషంన్నర కూడా రాదు. అంత తక్కువల ఏ మనిషీ నిలబడడు, వార్త చదివినట్టు అయితది. మొదలు పరిచయం, బైకు, పారిపోవుడు తీసెయ్యి. కథ పెండ్లి అయిపోయినంక మొదలుపెట్టు.

ముందుగాల చూడాల్సింది 2020 డిసెంబర్‌ల నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చిన "పావ కదైగళ్". నాలుగు కథల సంకలనం. అందుల వెట్రిమారన్ తీసిన "ఊర్ ఇరవు" నీకు పాఠ్యపుస్తకం లెక్క. సాయిపల్లవి బిడ్డ, ప్రకాశ్‌రాజ్ తండ్రి. ఇల్లు విడిచిపోయి పెండ్లి చేసుకుని బెంగుళూరుల ఉన్న బిడ్డ ఇప్పుడు గర్భవతి. తండ్రి వస్తడు, బిడ్డ సంసారం చూస్తడు, సీమంతం చేస్తనని పుట్టింటికి తోల్కపోతడు. ఆ రాత్రి అదే ఇంట్ల బిడ్డకు విషం పెడతడు. ఒక ఇల్లు, ఒక రాత్రి, ఒక వేడుక. గూండాలు లేరు, ఛేజింగ్ లేదు.

చూసేటప్పుడు తండ్రి ముఖం చూడు. మొదటి సగంల ఎక్కడా విలన్ లెక్క ఉండడు. ప్రేమ ఉన్నది, ఆ ప్రేమ అబద్ధం కాదు. చంపేది ఆ మనిషే కాబట్టి కడుపుల దేవినట్టు అయితది. నీ డ్రాఫ్టుల మేనమామ మనుషులు వచ్చి కొడుతున్నరు, అంటే తండ్రి చేతులు శుభ్రంగ ఉంచుతున్నవు. అక్కడ్నే కథ జారిపోయింది. అడ్డం పడేది ఎవరో బయటోడు అయితే ప్రేక్షకునికి బాధ ఉండదు, కోపం ఒక్కటే ఉంటది, అది సినిమా అయిపోంగనే పోతది.

రెండోది "పరియేరుమ్ పెరుమాళ్" (2018), మారి సెల్వరాజ్ మొదటి సినిమా, పా. రంజిత్ నిర్మాత. తిరునెల్వేలి లా కాలేజీ. అమ్మాయి తన అక్క పెండ్లికి పిలిస్తే పోయిన పిలగాన్ని, ఆమెకు తెల్వకుంట చుట్టాలు గదిల వేసి కొడతరు. తండ్రి వచ్చి చేతులు జోడించి, మీ ఇద్దర్నీ చంపుతరు, దూరముండు అంటడు. బతిమాలుడే అక్కడ బెదిరింపు. ఆఖరి షాట్ల రెండు గ్లాసులు పక్కపక్కన ఉంటయి, ఒకటి పాల టీ, ఒకటి పాలు లేనిది, నడుమ మల్లెపువ్వు. ఒక్క మాట లేకుంట కథంతా అక్కడ పెట్టిండు. నీ కథకు కూడా అసొంటి వస్తువు ఒక్కటి కావాలె, మన ఇండ్లల్ల ఉండేది.

పిల్లలమర్రి నీడ:
పై మాటలు చాలావరకు సరైనవే. కానీ "పరియేరుమ్ పెరుమాళ్" నుంచి ఒకటి మాత్రం తెచ్చుకోవద్దు. అందులో అమ్మాయికి చివరిదాకా ఏం జరిగిందో తెలియదు. చుట్టూ ఇంత నడుస్తుంటే ఆమె ఒక్కతే అమాయకంగా ఉంటుంది. మారి సెల్వరాజ్ కథ అబ్బాయి అవమానం గురించి కాబట్టి అక్కడ నడిచింది. ఇక్కడ కథ తండ్రీబిడ్డలది. నల్లగొండ, పాలమూరు ఇండ్లలో పెరిగిన ఏ ఆడపిల్లకైనా కులం సంగతి పదేళ్లకే తెలుస్తుంది: ఎవరింట్లో నీళ్లు తాగొచ్చు, ఎవరిని వరస పెట్టి పిలవాలి అన్నీ ఇంట్లోనే నేర్పుతారు. ఆమె తెలిసే చేసుకుంది, తెలిసే తిరిగి వస్తుంది. ఆ తెలివిని ఆమె మాటల్లో చూపించండి.

దీనికి "కాదల్" (2004) చూడండి, బాలాజీ శక్తివేల్ దర్శకత్వం. తెలుగులో "ప్రేమిస్తే" పేరుతో వచ్చింది. మదురైలో మెకానిక్, డబ్బున్న ఇంటి స్కూల్ అమ్మాయి. చెన్నైకి పారిపోతే మాన్షన్‌లో (బ్యాచిలర్లు ఉండే లాడ్జి) ఉండే కుర్రాళ్లు పెండ్లి చేస్తారు. తర్వాత ఇంటివాళ్లు మంచి మాటలతో నమ్మించి వెనక్కి తీసుకుపోతారు. గమనించాల్సింది ఆ నమ్మించే భాగం. దెబ్బల కంటే అదే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే బయట నిజంగా జరిగేది అలాగే.

రిజిస్టర్ ఆఫీసులో అదే రోజు పెండ్లి అన్నది మాత్రం తీసేయండి, తప్పు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 కింద అయితే ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసును ఆఫీసులో అంటిస్తారు, మళ్లీ 30 రోజులు ఆగాలి, పెండ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా గుడిలోనో ఆర్య సమాజంలోనో పద్ధతి ప్రకారం చేసుకుని, తర్వాత రిజిస్టర్ చేయించుకోవచ్చు. మీ వాళ్లది ఏదో ముందే తేల్చుకోండి. నోటీసు బోర్డు మీద అంటించిన ఆ కాగితాన్ని ఊరివాడు ఎవరైనా చదివి తండ్రికి చెప్పొచ్చు. కథలో తండ్రికి ఎలా తెలిసిందన్న ప్రశ్నకు అదొక్కటే చాలు, ఒక డైలాగ్‌లో అయిపోతుంది.

ఇంకొక విన్నపం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో కులాంతర పెండ్లి చేసుకున్న యువకుడి హత్యను ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఆ కేసులోని ఆస్పత్రి, గర్భం, సీసీ కెమెరా దృశ్యాలు వాడొద్దు. ఆ కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి.

దేవరకొండ గుట్టలు:
చాలా థ్యాంక్స్ అన్నా, మీక్కూడా. దాడి తీసేస్తం, పెండ్లి ఆర్య సమాజంల అయినట్టు పెడతం. సీమంతం ఎత్తుకుంటే "ఊర్ ఇరవు" కాపీ అంటరు. మరి బిడ్డను ఇంటికి పిలిపించే వేడుక ఏది పెట్టాలె? బతుకమ్మకా?

పానగల్లు కట్ట:
బతుకమ్మకు వీధి నిండ ఆడోళ్లు కావాలె, పూలు కావాలె, రెండు రోజులల్ల తియ్యలేవు. ఒడిబియ్యం పెట్టు, పుట్టింటోళ్లు పెండ్లయిన బిడ్డ ఒడిల బియ్యం పోసే వేడుక. ఇంట్లనే అయితది, ఐదుగురు ముత్తైదువలు చాలు.

పెండ్లయినప్పటి నుంచి బిడ్డకు పుట్టింటి ఒడిబియ్యం లేదు. తల్లికి అదే కొట్లాట. తండ్రి ఎట్లనో ఒప్పుకుంటడు. ఇప్పుడు అసలు ముడి చూడు: ఒడిల పోసిన బియ్యం బిడ్డ అత్తగారింటికి పట్టుకపోయి వండి, నలుగురిని పిలిచి పెడతది. అంటే ఈయన ఇంటి బియ్యం ఆ పిలగాని ఇంటి పొయ్యి మీద ఉడుకుతయి, ఈయన తరపు వాళ్లను ఆ బువ్వ తినుటానికి పిలుస్తరు. బిడ్డను ఇంట్లకు రానిచ్చుటానికి ఒప్పుకున్న తండ్రి అక్కడ ఆగిపోతడు. "బియ్యం ఈడనే వండుకొని తినిపోరాదు బిడ్డా" అని మెల్లగ అంటడు. నీ సినిమా ఆ మాట దగ్గర ఉన్నది. చంపుడు కూడా అవసరం లేదు.

కొలత ఇట్ల పెట్టుకో: బిడ్డ వచ్చుడు, తల్లి సంబురం 4 నిమిషాలు, తండ్రీబిడ్డ ఒంటరిగ 5, ఒడిబియ్యం 6, ఆ మాట, దాని తర్వాతది 5. సీన్లు ఐదు దాటొద్దు. భర్తను వాకిట్లనే కూసోబెట్టు, లోపలికి రమ్మని ఎవ్వరూ అనరు, వద్దని కూడా అనరు.

ఎడిటింగ్ బల్ల:
షూటింగ్ గురించి రెండు మాటలు. ఒడిబియ్యానికి పసుపు కలుపుతరు కదా, మొదటి టేకులనే చీర కొంగుకు, రవికెకు మరక అంటుతది. రెండో టేకు కట్ చేసినప్పుడు మరక వస్తూ పోతూ ఉంటది. అందుకే ఒకే చీర రెండు కొనుండ్రి, దూరం షాట్లన్నీ ముందు తియ్యుండ్రి, ఒడిల పోసే దగ్గరి షాట్లు ఆఖరికి. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు ఎన్నున్నయో, ఏది ఏ పక్క ఉన్నదో టేకు టేకుకు ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోవాలె.

సౌండ్ ఇంకా ముఖ్యం. ఐదుగురు ఆడోళ్లు ఒకేసారి మాట్లాడితే బిడ్డ మాట మునుగుతది. టేకుల తల్లి, బిడ్డ మాత్రమే మాట్లాడాలె, మిగిలినోళ్లు పెదాలు ఆడియ్యాలె. వాళ్ల మాటలు, పాట తర్వాత అదే గదిల విడిగ రికార్డు చెయ్యుండ్రి. ఫ్యాన్, ఫ్రిజ్ బంద్ చేసి ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం తీసిపెట్టుకోండ్రి. తండ్రి ఆ మాట అన్నంక వచ్చే నిశ్శబ్దంల అదే నింపాలె, మ్యూజిక్ పెడితే ఆ మాట బరువు పోతది.

తండ్రి పాత్రకు గట్టిగ అరిచే నటున్ని తీసుకోకుండ్రి. మాట తడబడే మనిషి కావాలె.