అప్‌డేట్: మలేషియాలోని తెలుక్ ఇంతాన్‌లో ఏం తిన్నామంటే

పోయిన నెల అడిగా కదా, ఇపో నుంచి బగాన్ దాతుక్‌లో మా పిన్ని వాళ్ళింటికి వెళ్తూ తెలుక్ ఇంతాన్‌లో ఆగుతున్నాం, అక్కడ స్పెషల్ ఏంటి, ఎక్కడ తినాలి అని. వెళ్ళొచ్చాం, చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

చీ చియాంగ్ ఫన్ (ఆవిరిమీద ఉడికించిన బియ్యప్పిండి రేకులు) మాత్రం అస్సలు వదలొద్దు. పెనాంగ్‌లోలా నల్లటి రొయ్యల సాస్ పొయ్యరు, బియ్యప్పిండి రేకుల్లోనే ఎండు రొయ్యలు, సెంగ్‌కువాంగ్ దుంప ముక్కలు, వేయించిన చిన్నుల్లిపాయలు కలిపేసి పక్కన ఊరబెట్టిన పచ్చిమిర్చి ఇస్తారు, పొట్లం విప్పగానే ఆ ఎండు రొయ్యల వాసనకి మా అమ్మ మొహం వెలిగిపోయింది. రాత్రి అరగంట లైన్‌లో నిలబడ్డాం, అయినా మళ్ళీ వెళ్తా. పోర్క్ తినని వాళ్ళు ముందే అడగండి.

మధ్యాహ్నం మస్తాన్ గనీ అనే హోటల్లో మీ రెబుస్ (చిక్కటి గ్రేవీ పోసిన నూడుల్స్), రోజాక్ (వడలు, కూరగాయ ముక్కల మీద సాస్ పోసేది) తిన్నాం. మీ రెబుస్ గ్రేవీ చిక్కగా కొంచెం తియ్యగా ఉంటుంది, నిమ్మకాయ బాగా పిండుకోండి, నాకు రోజాక్ కంటే అదే నచ్చింది. 1885 నాటి వాలు గడియార స్తంభం దగ్గర పది నిమిషాలు చాలు.

బగాన్ దాతుక్‌లో కొబ్బరి తోటల పనికొచ్చిన తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి, అక్కడున్న మా పిన్నికి చీ చియాంగ్ ఫన్ రెండు పొట్లాలు పట్టుకెళ్తే చల్లారినా ఇష్టంగా తినేసింది.