ఇంట్లో మూడు ఆంప్‌లు, పోల్చిన ప్రతిసారీ ఒక్కో జవాబు

బురుజుపక్క (కర్నూలు):
అందరికీ నమస్తే. పదేళ్ళుగా కూడబెట్టి కొన్న గిటారు ఆంప్‌లు (గిటారు సౌండు పెంచే స్పీకరు పెట్టెలు) మూడున్నాయి నా దగ్గర. ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జీ నేర్చుకునేటప్పుడు కొన్నది, 10 వాట్లు, ఆరంగుళాల స్పీకరు. తర్వాత బాస్ కటానా 50. మూడోది వాక్స్ ఏసీ15, పాత రేడియోల్లో లాగా గాజు ట్యూబులది, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బస్సులో రాత్రంతా దాని మీద చెయ్యి వేసుకునే కూర్చుని తెచ్చుకున్నా. ఇప్పుడు పాప పుట్టింది, ఇల్లు ఇరుకు, ఒక్కటే ఉంచుకుని మిగతా రెండూ ఇచ్చేయాలి.

అదే గిటారు, అదే కేబుల్, అవే నాలుగు కార్డ్స్ వాయిస్తున్నా. పొద్దున ఏసీ15 కంచు గంటలా మోగుతుంది, సాయంత్రం ఏడు దాటితే అదే ఆంప్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది, అప్పుడు కటానానే నయం అనిపిస్తుంది. వారం రోజులు నోట్‌బుక్‌లో రాసుకున్నా, రెండు రోజులు కూడా ఒకే జవాబు రాలేదు. హాల్లో కింద కడప బండలు, కర్టెన్లు లేవు. మీరైతే ఎట్లా పోలుస్తారు?

కడపబండ (కడప):
అన్నా, ముందు మూడింటి సౌండూ సమానం చెయ్యి. ఏది కాస్త గట్టిగా మోగితే చెవికి అదే బాగుంటుంది, నాకూ నీకూ అందరికీ అంతే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి, నువ్వు కూర్చునే చోటే పెట్టి, మూడూ ఒకే డెసిబెల్ దగ్గరికి తీసుకురా. వాట్లు చూసి మోసపోవద్దు, ఒకే స్పీకరు మీద 15 వాట్లకీ 50 వాట్లకీ తేడా ఐదు డెసిబెల్స్ మాత్రమే, రెట్టింపు గట్టిగా వినపడాలంటే పది రెట్ల వాట్లు కావాలి. పైగా తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తగ్గి వినపడతాయి, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్ళు కొలిచి చూపించారు. అందుకే పాప నిద్రపోయాక చేసే పోలిక, మధ్యాహ్నం చేసే పోలిక ఒకటి కావు.

ఇంకోటి, ఆంప్ నేల మీద పెట్టావా? స్పీకరు నుంచి ట్రెబుల్ టార్చిలైటు వెలుతురులా ఎదురుగానే పోతుంది, అది నీ మోకాళ్ళకి తగులుతోంది, చెవికి కాదు. స్టూలు మీద పెట్టు. బండల మీద దుప్పటి పరుచు. లూపర్ పెడల్ ఉంటే ఒక్కసారి వాయించి రికార్డు చేసి అదే ముక్క మూడింటికీ పంపు, లేకపోతే నచ్చిన ఆంప్ మీద నువ్వు తెలీకుండానే ఇంకా బాగా వాయిస్తావు. తేడాలో చాలాభాగం స్పీకరుదే ఉంటుంది, కుదిరితే ఏసీ15ని వేరే క్యాబినెట్‌కి, అంటే విడి స్పీకరు పెట్టెకి, కలిపి కూడా విను.

వాల్వ్‌రేడియో (అనంతపురం):
బాబూ, క్యాబినెట్ మార్చేముందు ఆంప్ ఆఫ్ చెయ్యి. స్పీకరు కలపకుండా ట్యూబు ఆంప్ ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వెనక మూత మాత్రం తియ్యొద్దు, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

నీ సాయంత్రం ఏడు సంగతి నాకు కరెంటు లాగా కనిపిస్తోంది. మల్టీమీటరుతో ప్లగ్గు దగ్గర చూడు. 230 ఉండాల్సింది 192కి పడితే, ట్యూబుని వేడెక్కించే హీటరుకి 6.3 వోల్టులు అందాల్సిన చోట ఐదుంపావే అందుతుంది, ఏసీ15లో ఉండే ఈఎల్84 ట్యూబుల ప్లేటు వోల్టేజీ కూడా అదే లెక్కన పడిపోతుంది, అప్పుడు సౌండు మెత్తబడి ముందే పగులుతుంది. కటానా డిజిటల్ కదా, లోపలి సర్క్యూట్‌కి వోల్టేజీ నిలకడగా అందుతుంది కాబట్టి అంతగా మారదు. వాల్వ్ రేడియోలు బాగుచేసే రోజుల్లో ఎండాకాలం సాయంత్రం ఇదే గోల. వోల్టేజీని మెల్లగా సరిచేసే సర్వో స్టెబిలైజరు పెట్టుకో, రిలే రకం టక్ టక్‌మని గెంతుతుంది.

ఆదివారంగిటార్ (కర్నూలు):
అన్నా, నేను చర్చిలో వాయిస్తా. ఇంట్లో ఒంటరిగా బాగున్న సౌండు కీబోర్డు, డ్రమ్స్ మధ్యలో వినపడకుండా పోతుంది. ఏసీ15 అక్కడ వినకుండా అమ్మొద్దు. ఆదివారం మధ్యాహ్నం హాలు ఖాళీనే, తీసుకురా.

బురుజుపక్క (కర్నూలు):
పెద్దాయనా, మీ మాటే నిజం. రాత్రి ఏడున్నరకి మీటరులో 194 చూపించింది! స్నేహితుడి స్టెబిలైజరు తెచ్చి పెడితే దుప్పటి పోయింది, పొద్దుటి గంట మళ్ళీ వినపడింది, నిజంగా ఒళ్ళు పులకరించింది.

తర్వాత ఏసీ15, కటానా రెండూ స్టూళ్ళ మీద పెట్టి, సౌండు సమానం చేసి, లూపర్‌లో ఒక ముక్క ఎక్కించి, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా, మా ఆవిడ కేబుల్ మార్చింది. పాప లేవనంత సౌండ్‌లో పదిసార్లకి ఆరుసార్లే సరిగ్గా చెప్పగలిగా. మధ్యాహ్నం సౌండు పెంచి, లూపర్ పక్కన పెట్టి చేత్తో వాయిస్తే మాత్రం ఏసీ15 ప్రతిసారీ దొరికిపోయింది. పిక్ గట్టిగా కొడితే నోట్ అంచు గరుకుగా వస్తుంది, గిటారు వాల్యూమ్ కాస్త తగ్గిస్తే అదే చోట నునుపైపోతుంది.

ఫ్రంట్‌మన్ మేనల్లుడికి ఇచ్చేశా. ఇంటికి కటానా చాలు, అర వాటులో పెట్టుకుంటే పాప లేవదు. ఏసీ15 సంగతి తమ్ముడి చర్చిలో వాయించాకే. ఈ ఆదివారం మూడింటికి ఆటోలో తెస్తా, అక్కడ ప్లగ్గు దగ్గర వోల్టేజీ ఎంతుంటుందో ముందే చూసిపెట్టు తమ్ముడూ.