స్వీడన్ అమ్మాయి పాడే పాప్-పంక్ బ్యాండ్ మన విజయనగరంలో వాయిస్తే జనం వింటారా?

కంటోన్మెంట్_కుర్రోడు:
మా బావ ఎమ్మెస్‌కని స్వీడన్‌లోని కార్ల్స్‌క్రోనా వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. డ్రమ్స్ పిచ్చి ముందునుంచీ ఉంది, ఇప్పుడు నలుగురు కలిసి పాప్-పంక్ బ్యాండ్ పెట్టారు. సింగర్ స్వీడన్ అమ్మాయే, గిటార్ కూడా ఆవిడే వాయిస్తుంది. పెద్ద పేరేం రాలేదు గానీ చిన్న చిన్న క్లబ్బుల వాళ్లు పిలుస్తున్నారు. సంక్రాంతికి బావతో పాటు అందరూ వస్తారట, ఇక్కడో షో పెట్టించరా అని నా ప్రాణం తీస్తున్నాడు. మా మావయ్యేమో పండక్కి వీధిలో పెట్టే ఆర్కెస్ట్రా మధ్యలో అరగంట ఇప్పిస్తాను, ఆ పిల్ల చేత ఒక తెలుగు పాట పాడించండి, చప్పట్లు ఖాయం అంటున్నాడు. మీరేమంటారు?

సిక్కోలు_బాస్:
ఆర్కెస్ట్రా మధ్యలో మాత్రం వద్దు తమ్ముడూ. సినిమా పాటల కోసం కూర్చున్న జనం రెండో పాటకే "ఆపండహో" అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. పైగా మన ఆర్కెస్ట్రాల్లో చాలావరకు ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడే, అసలు డ్రమ్ కిట్ దొరకడం కష్టం. పంక్ పాటకి వెన్నెముక ఆ కిట్టే కదా. కిట్ వైజాగ్ నుంచి అద్దెకి తెప్పించు. స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము), సింబల్స్ (లోహపు తాళాలు), కిక్ పెడల్ (పెద్ద డ్రమ్ముని కాలితో కొట్టేది) మాత్రం మీ బావనే తెచ్చుకోమను, అద్దె కిట్‌తో వచ్చే సింబల్స్ ఒక్కోసారి పళ్లెం మీద గరిటెతో కొట్టినట్టు మోగుతాయి. అక్కడా ఇక్కడా కరెంటు 230 వోల్టులే కాబట్టి గిటార్ శబ్దం మార్చే పెడల్స్‌కి భయం లేదు, ప్లగ్గులకి అడాప్టర్లు చూసుకుంటే చాలు.

పాలకొండ_రోడ్:
ఏటీ, పాప్-పంక్ అంటే అరుపులేనా? మా ఊళ్లో తప్పెటగుళ్లోళ్లు గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని ఎగురుతూ పాడతారు, ఆ ఊపు ముందు ఇదెంత?

సిక్కోలు_బాస్:
అరుపులు కాదండీ. పంక్ అంటే గబగబా, మోటుగా వాయించే రాక్ సంగీతం. పాప్-పంక్‌లో ఆ వేగం ఉంటుంది, పైన మాత్రం ఇట్టే నోటికొచ్చే ట్యూన్ ఉంటుంది. 1976లో అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలు, మొత్తం అరగంట కూడా లేదు. 1994లో గ్రీన్ డే అనే బ్యాండ్ 'డూకీ' ఆల్బమ్‌తో ఇది ఇంటింటికీ వెళ్లింది. స్వీడన్ వాళ్లకి కూడా కొత్తేం కాదు, ఓరెబ్రో అనే ఊళ్లో మిల్లెన్‌కొలిన్ అనే బ్యాండ్ 1992లోనే మొదలైంది. వాళ్ల 'నో సిగార్' పాట టోనీ హాక్ స్కేటింగ్ వీడియో గేమ్ రెండో భాగంలో ఉంది, ఆ గేమ్ ఆడినవాళ్లకి బ్యాండ్ పేరు తెలియకపోయినా పాట తెలుస్తుంది. అక్కడ పిల్లలకి మున్సిపాలిటీ సంగీత పాఠశాలలున్నాయి, ప్రభుత్వ సాయంతో నడిచే స్టడీ సంఘాలు (తీరిక వేళల్లో చదువు, కళలు నేర్పేవి) కుర్ర బ్యాండ్లకి ప్రాక్టీసు గదులు చూపిస్తాయి. మనకి ఇంట్లో డ్రమ్ కొడితే పక్కింటావిడ వచ్చేస్తుంది. తేడా అక్కడే ఉంది, గొంతుల్లో కాదు.

వీణ_విజయనగరం:
తెలుగు పాట సంగతి చెప్తాను బాబూ. వద్దు. రెండు రోజుల్లో బట్టీ పట్టించి పాడిస్తే జనం కొట్టేది పాటకి చప్పట్లు కాదు, తెల్లమ్మాయి తెలుగు మాట్లాడిందని కొట్టే చప్పట్లు. ఆవిడ పాట ఆవిడని పాడనివ్వండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది, ద్వారం వారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల గారు చదువుకున్న చోటు. కొత్త సంగీతం వినే చెవులు ఇక్కడ లేవనుకోకండి. ఆనందగజపతి ఆడిటోరియం అడిగి చూడండి, లేదంటే ఏదైనా కాలేజీ ఓపెన్ స్టేజీ. సాయంత్రం ఆరింటికే మొదలెట్టండి, బయటైతే రాత్రి పది దాటాక మైకులు నిషేధం.

సిక్కోలు_బాస్:
ఇంకో ముఖ్యమైన మాట. టికెట్ పెట్టొద్దు. టూరిస్టు వీసా మీద వచ్చి డబ్బులు తీసుకుని వాయిస్తే లేనిపోని తలనొప్పి. ఊరికే వాయించినా సరే, ముందు అక్కడి ఇండియన్ ఎంబసీ వాళ్లని ఒక మాట అడగమను, ఇక్కడ పోలీసు పర్మిషన్ నువ్వు చూసుకో.

కంటోన్మెంట్_కుర్రోడు:
థాంక్సండీ అందరికీ. పండక్కి కాలేజీలకి సెలవులు కదా, ఓపెన్ స్టేజీ ఇస్తారో లేదో, అందుకే ముందు ఆడిటోరియమే అడుగుతాను. మావయ్యకి ఆర్కెస్ట్రా వద్దని ఎలా చెప్పాలో అదే టెన్షన్. పాలకొండ అన్నా, మీ తప్పెటగుళ్ల బృందాన్ని ముందు పావుగంట ఆడిస్తావా? బావకి చెప్తే ఎగిరి గంతేశాడు.

పాలకొండ_రోడ్:
పండగ మూడ్రోజులూ కుదరదు, వాళ్లకి ఊళ్లలో ఆటలుంటాయి. ముక్కనుమ తర్వాత ఏ రోజైనా చెప్పు, నేనే మాట్లాడతాను. వాళ్లకి మాత్రం డబ్బులివ్వాల.