వైజాగ్‌లో ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్స్ ఎలా తెచ్చుకోవాలి? మెకానికల్ డిప్లొమా ఉంది

గాజువాక_బాడీషాప్:
అందరికీ నమస్తే. నాది మెకానికల్ డిప్లొమా, ఆటోనగర్ దగ్గర ఒక కార్ల సర్వీస్ సెంటర్లో బాడీషాప్ అడ్వైజర్‌గా చేస్తున్నా. రోజూ యాక్సిడెంట్ బళ్ళు వస్తాయి, సర్వేయర్ గారు వస్తారు, ఫొటోలు తీస్తారు, మేం కష్టపడి వేసిన ఎస్టిమేట్ మీద పెన్నుతో సగం కొట్టేసి ఇది రిపేరు ఇది రీప్లేస్ అని రాసి వెళ్ళిపోతారు. చూసీ చూసీ నాకూ ఆ పనిలోకి వెళ్ళాలనిపిస్తోంది. యూట్యూబ్‌లో క్లెయిమ్స్ అడ్జస్టర్ అని కొడితే అన్నీ అమెరికా వీడియోలే, 40 గంటల కోర్సు చేసెయ్ లైసెన్స్ వచ్చేస్తుంది అంటున్నారు. మన దగ్గర కూడా అంతేనా? పరీక్ష ఎవరు పెడతారు, డిప్లొమా సరిపోతుందా బీటెక్కే ఉండాలా, ఉద్యోగం మానకుండా అవుతుందా? ద్వారకానగర్లో ఒక కోచింగ్ వాళ్ళయితే డబ్బు కట్టండి చాలు లైసెన్స్ చేతికొచ్చేదాకా మాదే పూచీ అంటున్నారు, నమ్మొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత_సర్వేయర్:
ముందు ఆ కోచింగ్ వాళ్ళకి డబ్బు కట్టకు బాబూ. పరీక్షకి చదివిస్తారేమో గానీ లైసెన్స్ ఇప్పించడం ఎవరి వల్లా కాదు, అది ఇచ్చేది హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక్కటే.

మన దగ్గర దీన్ని సర్వేయర్ అండ్ లాస్ అసెసర్ అంటారు, 1938 ఇన్సూరెన్స్ యాక్ట్‌లో 64యూఎం సెక్షన్, దాని కింద 2015లో వచ్చిన రెగ్యులేషన్స్, ఇవే మనకి ఆధారం. 40 గంటలతో అయ్యేది కాదు. నీ చదువుకి తగ్గ డిపార్ట్‌మెంట్ ఎంచుకోవాలి, ఫైర్, మెరైన్ కార్గో, మెరైన్ హల్, ఇంజినీరింగ్, మోటార్, మిసలేనియస్, లాస్ ఆఫ్ ప్రాఫిట్, క్రాప్ ఇలా ఉంటాయి. మోటార్‌కి మెకానికల్ లేదా ఆటోమొబైల్ డిప్లొమా పనికొస్తుంది, బీటెక్కే కావాలని లేదు. ఏ చదువుకి ఏ డిపార్ట్‌మెంట్ ఇస్తారో ఆ రెగ్యులేషన్స్ వెనకాల పట్టిక ఉంటుంది, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది కాకుండా అది తీసి నువ్వే చదువుకో. తర్వాత సర్వేయర్ల ఇన్‌స్టిట్యూట్ ఐఐఐఎస్‌ఎల్‌ఏలో స్టూడెంట్ మెంబర్‌గా చేరాలి, ట్రైనీగా ఎన్‌రోల్ అవ్వాలి, అదే డిపార్ట్‌మెంట్లో లైసెన్స్ ఉన్న సీనియర్ సర్వేయర్ కింద 12 నెలలు ట్రైనింగ్ చెయ్యాలి. పరీక్ష ముంబైలో ఉన్న ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెడుతుంది, జనరల్ ఇన్సూరెన్స్ సూత్రాలు, సర్వే పద్ధతుల మీద ఒక కామన్ పేపరు, దాంతోపాటు నీ డిపార్ట్‌మెంట్ పేపరు. ఇవన్నీ అయ్యాక లైసెన్స్, మూడేళ్ళకి ఇస్తారు, మళ్ళీ రెన్యూవల్. మెంబర్‌షిప్ మొదట లైసెన్షియేట్, అనుభవం మీద అసోసియేట్, ఆ పైన ఫెలో.

పరీక్ష పాసవ్వడం పెద్ద విషయం కాదు. కష్టం అంతా ట్రైనర్ దొరకడంలో ఉంది. సంతకాలు పెట్టేసి ఏడాది తర్వాత రా అనేవాళ్ళు దొరుకుతారు, అలాంటి చోట చేరితే లైసెన్స్ వస్తుంది గానీ పని రాదు. నిన్ను బండి ఎక్కించుకుని స్పాట్ సర్వేకి తీసుకెళ్ళేవాడు, నీతో రిపోర్ట్ రాయించి ఎర్ర పెన్నుతో దిద్దేవాడు కావాలి. అనకాపల్లి దాటాక హైవే మీద అర్ధరాత్రి లారీ బోల్తా పడితే, బండి కదపకముందే చూసి రావాలి అక్కడ. టైరు గుర్తులు, లోడు ఎలా పడింది, డ్రైవర్ చెప్పింది దెబ్బలతో సరిపోతోందా లేదా, ఇవి క్లాస్‌రూమ్‌లో నేర్పేవి కావు.

క్లెయిమ్స్_టేబుల్:
పైన అన్నగారు చెప్పింది కరెక్టే, నేను ఒక ప్రైవేట్ కంపెనీలో మోటార్ క్లెయిమ్స్ చూస్తా కాబట్టి కంపెనీ వైపు నుంచి చెప్తా.

బ్రో, నీకు బాడీషాప్ అనుభవం ఉంది, అది పెద్ద ప్లస్. బంపర్ ట్యాబు విరిగితే ప్లాస్టిక్ వెల్డింగ్ అవుతుందా మార్చాలా అనేది కొత్తగా వచ్చే బీటెక్ వాళ్ళకి చెప్పడానికే ఆర్నెల్లు పడుతోంది మాకు. నువ్వు నేర్చుకోవాల్సింది పాలసీ వైపు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్, టైర్లు, బ్యాటరీకి 50 శాతం తరుగు, ఫైబర్‌గ్లాస్‌కి 30, అద్దానికి ఏమీ కొయ్యం, ఇనుప పార్టులకి బండి వయసుని బట్టి, ఆర్నెల్లలోపు సున్నా, అయిదేళ్ళు దాటితే 40, పదేళ్ళు దాటితే 50. పెయింటింగ్‌లో మెటీరియల్ మీద మాత్రమే 50, బిల్లు విడగొట్టి ఇవ్వకపోతే మొత్తం పెయింటింగ్ చార్జీల్లో 25 శాతం మెటీరియల్ అనుకుని లెక్కేస్తాం. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి రాసిన విలువలో, 75 శాతం దాటిందంటే టోటల్ లాస్ వైపు, అంటే బండి మొత్తం పోయినట్టు లెక్కేసే వైపు వెళ్తుంది. జీరో డెప్ అనే అదనపు కవర్ తీసుకుంటే ఈ తరుగు చాలావరకు పోతుంది. ఇదంతా నీకు ఎస్టిమేట్ల మీద కొట్టివేతలుగా రోజూ కనబడేదే, ఎందుకు కొట్టారన్నదే సిలబస్.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. 2015 రెగ్యులేషన్స్‌లో మోటార్‌కి 50 వేలు, మిగతా వాటికి లక్ష పైన నష్టం ఉంటేనే లైసెన్స్డ్ సర్వేయర్ తప్పనిసరి అని పెట్టారు. అంటే చిన్న చిన్న డెంట్లు కంపెనీ వాళ్ళే ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూసేసుకుంటారు, ఆ చిన్న పనులు బయట సర్వేయర్‌కి రావడం తగ్గిపోయింది. అందుకని మోటార్ ఒక్కటే పెట్టుకుని ఇండిపెండెంట్‌గా బతకాలంటే మొదట్లో కష్టం. లైసెన్స్ తీసుకుని ప్రైవేట్ కంపెనీలో ఇన్‌హౌస్ సర్వేయర్‌గా చేరడం నా లెక్కలో బెటర్. జీతం వస్తుంది, ఫీజు బిల్లు పెట్టి నెలల తరబడి ఎదురు చూడక్కర్లేదు.

పాత_సర్వేయర్:
ఇన్‌హౌస్ గురించి నేను ఒప్పుకోను. జీతం నిజమే, కానీ టార్గెట్లు పెడతారు, యావరేజ్ క్లెయిమ్ సైజు ఇంత మించకూడదంటారు, అసెస్‌మెంట్ నీదే కానీ చెయ్యి వాళ్ళది. ఇండిపెండెంట్ అయితే కష్టమైనా నీ రిపోర్ట్ నీది. ఎంప్యానెల్‌మెంట్‌కి, అంటే కంపెనీ సర్వేయర్ల జాబితాలో పేరు ఎక్కడానికి, నాలుగు ప్రభుత్వ కంపెనీల డివిజనల్ ఆఫీసులూ తిరగాలి, న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, అప్లికేషన్ పెట్టి ఊరుకుంటే పని రాదు.

ఇంకోటి, వైజాగ్‌లో ఉండి మోటార్ ఒక్కటే ఎందుకు? ఈ ఊళ్ళో పోర్టు ఉంది, షిప్‌యార్డ్ ఉంది, పరవాడ ఫార్మా సిటీ ఉంది, దువ్వాడ సెజ్ ఉంది. ఇంజినీరింగ్, ఫైర్, కార్గో లాసులు తక్కువ సంఖ్యలో వచ్చినా ఒక్కోటి పెద్దవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ పైకప్పే ఎగిరిపోయింది, ఇక గోడౌన్ల సంగతి చెప్పేదేముంది. అప్పుడు షాపుల వాళ్ళతో గొడవలన్నీ ఒకే దాని మీద, యావరేజ్ క్లాజు. ఒక హోల్‌సేల్ గోడౌన్ అనుకో, లోపల సరుకు 40 లక్షలది, ప్రీమియం తగ్గుతుందని పాలసీ 25 లక్షలకే తీసుకున్నాడు, వాన నీళ్ళకి 8 లక్షల సరుకు పోయింది. పాలసీ 25 కదా, నా 8 నాకు ఇచ్చెయ్యండి అంటాడు. కానీ 40లో 25కే ఇన్సూర్ చేశాడు కాబట్టి 8లో 25 బై 40, అంటే 5 లక్షలే, అందులోంచి ఎక్సెస్, అంటే పాలసీదారు తనే భరించాల్సిన మొత్తం, మళ్ళీ పోతుంది. ఇది ఇల్లు నేలమట్టమైన మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి, స్టాక్ రిజిస్టర్ తడిసిపోయిందంటే జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్లు, అమ్మినవాళ్ళ బిల్లులు తెప్పించుకుని సరుకు ఎంతుందో వెనక్కి లెక్క కట్టాలి. ఇప్పుడు రిటర్నులు ఆన్‌లైన్లో ఉన్నాయి కాబట్టి కాస్త నయం, అప్పట్లో వ్యాట్ కాగితాలతో తల ప్రాణం తోకకొచ్చేది. టైము కూడా ఇప్పుడు బిగించారు, 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని వెయ్యాలి, 15 రోజుల్లో రిపోర్ట్, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం.

హ్యూస్టన్_అక్క:
తమ్ముడూ ఆ యూట్యూబ్ వీడియోలు మా టెక్సాస్‌వే అయ్యుంటాయి. ఇక్కడ లైసెన్స్ స్టేట్‌ని బట్టి ఉంటుంది, టెక్సాస్‌లో ఆల్ లైన్స్ అడ్జస్టర్ లైసెన్స్‌కి కోర్సు చేసి అందులోనే పరీక్ష రాస్తే స్టేట్ పరీక్ష మళ్ళీ రాయక్కర్లేదు, వేలిముద్రలు ఇవ్వాలి, రెండేళ్ళకోసారి రెన్యూవల్, మధ్యలో కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటలు. కొన్ని స్టేట్స్‌లో అసలు లైసెన్సే అడగరు. కానీ ఆ కోర్సు ఇండియాలో దేనికీ పనికిరాదు, నీ దగ్గర ఇక్కడ పని చేసే వీసా ఉంటే తప్ప డబ్బు దండగ. తుఫాను సీజన్లో నెలల కొద్దీ హోటల్లో ఉండి తిరిగే పని, అది కూడా ఆ వీడియోల్లో చెప్పరు.

గాజువాక_బాడీషాప్:
అందరికీ చాలా థాంక్సండీ. కోచింగ్ మాట పక్కన పెట్టేశా. ఒక్క డౌటు, నేను గ్యారేజీలో ఉంటూనే ట్రైనింగ్ చేస్తే సర్వేయర్ గారు ఒప్పుకుంటారా? మా షాప్‌కి వచ్చే సార్ ఒకరు బాగానే మాట్లాడతారు, ఆయన్నే అడుగుదామా?

పాత_సర్వేయర్:
ఆయన్ని మాత్రం అడగకు. నీ షాపు బిల్లు ఆయన కొయ్యాలి, నువ్వు ఆయన దగ్గర ట్రైనీవి అంటే రేపు ఏ క్లెయిమ్ తేడా వచ్చినా ఇద్దరి పేరూ కంపెనీ విజిలెన్స్‌లో పడుతుంది. మీ గ్యారేజీకి రానివాళ్ళని, వీలైతే విజయనగరం వైపో శ్రీకాకుళం వైపో పని ఎక్కువ ఉన్నవాళ్ళని చూసుకో. లైసెన్స్డ్ సర్వేయర్ల జాబితా ఐఆర్‌డీఏఐ సైట్‌లో ఉంటుంది, మోటార్ డిపార్ట్‌మెంట్ ఉందా, లైసెన్స్ ఇంకా గడువులో ఉందా రెండూ చూసి ఫోన్ చెయ్యి. ఉద్యోగం సంగతి, బండ్లు పగలే చూడాలి గదా, ఆదివారం ఒక్కరోజు వస్తానంటే ఎవడూ తీసుకోడు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని మానెయ్యడమో, షాప్‌లో సగం రోజు షిఫ్ట్ అడగడమో చూడు. పరీక్షకి మాత్రం ఇప్పట్నుంచే చదువు, ఉద్యోగంలో ఉండగానే పేపర్లు అయిపోతే తర్వాత ఫీల్డు మీదే ఉండొచ్చు.

క్లెయిమ్స్_టేబుల్:
మా ఆఫీసుకి వచ్చే ఇద్దరు ముగ్గురు సర్వేయర్లు ట్రైనీల కోసం చూస్తున్నారు, వాళ్ళలో ఒకాయన మీ ఆటోనగర్ వైపు రారు. మెసేజ్ పెట్టు, అడిగి చెప్తా.